బేరమాడితే వెయ్యి పెరుగును

హుజూరాబాద్‌లో చెప్పిన ధరకు సరుకు కొన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. కొత్తిమీర కట్ట నుంచి ట్రాక్టర్ దాకా ఏది కొన్నా సరే, "ఆఖరు మాట చెప్పు" అనకుండా జేబులో చెయ్యి పెడితే వాడు చేతగానివాడి కింద లెక్క. అలాంటి ఊళ్లో సత్తార్ తన ఇంటి గేటుకు ఒక రేకు బోర్డు కట్టాడు. 'సత్తార్ గల్ఫ్ శిక్షణ. ఇరవై ఒక్క రోజులు. ఇరవై అయిదు వేలు. బేరమాడితే వెయ్యి పెరుగును.'

చదివినవాళ్లలో సగం మంది నవ్వుకుంటూ పోయారు. మిగతా సగం మంది బేరమాడడానికే లోపలికి వచ్చారు.

సత్తార్‌కు నలభై నాలుగేళ్లు. పొట్ట ముందుకు, వెంట్రుకలు వెనక్కి పోయాయి. ఆ నలభై నాలుగులో పదిహేడేళ్లు రియాద్‌లో ఒకే ఇంట్లో కారు డ్రైవరు. డ్రైవరు అనేది వీసా మీది మాట. పిల్లల్ని బడికి దించడం, కూరగాయలు మోయడం, తెల్లని పొడుగు చొక్కాలు ఇస్త్రీ చెయ్యడం, చెయ్యని తప్పుకు తల దించుకోవడం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. అక్కడ కారు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఇంటికి వచ్చిన కొత్తలో సత్తార్ తన పాత వ్యాన్ ఎక్కినప్పుడల్లా ఎడమ సీట్లో కూర్చుని, స్టీరింగు కోసం చేతులు చాపి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి మెల్లగా దిగి ఇటుపక్కకు వచ్చేవాడు.

రెండేళ్ల కింద సెలవు మీద వచ్చినవాడు ఇక తిరిగి పోలేదు. దానికి కారణం కూతురు యుమ్నా. అప్పుడు దానికి ఏడేళ్లు. పుట్టినప్పటి నుంచి దానికి తెలిసిన 'అబ్బా', అంటే నాన్న, ఫోన్‌లో ఉండే మనిషి. సత్తార్ వచ్చిన మూడో రోజు అది తండ్రితో మాట్లాడాలనుకుని, పక్క గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసుకుని వీడియో కాల్ చేసింది.

"అబ్బా, నీ మొకం సగమే కనబడుతుంది. ఫోన్ జర పైకి పట్టు."

గోడకు ఇవతల కూర్చున్న సత్తార్ ఫోన్ పైకి పట్టాడు. పది నిమిషాలు అలాగే పట్టాడు. చెయ్యి గుంజింది కానీ దించలేదు. ఆ రోజే అనుకున్నాడు, ఇక పోవద్దని. గట్టిగా అనుకోలేదు, లోపల్లోపలే. గట్టిగా అంటే బావమరిది షాహిద్ చెవిన పడుతుంది.

షాహిద్ సత్తార్ భార్య అజ్రాకు అన్న, రియాద్‌లోనే డ్రైవరు. సత్తార్‌ను మొదట తీసుకుపోయింది ఆయనే. ఇప్పుడు ఇంకో మంచి ఇంట్లో పని చూసిపెట్టి వారం వారం ఫోన్ చేస్తున్నాడు. చెల్లెలి మొగుణ్ణి ఆయన దూల్హే భాయ్ అంటాడు. "దూల్హే భాయ్, వచ్చే రంజాన్ దాకా ఆపుత. పాస్‌పోర్టు పంపితే వీసా నీది. లేకపోతే ఇంకోనికి ఇస్త, మళ్ల నన్ను అనొద్దు."

అంటే రంజాన్‌లోపు సత్తార్ ఇక్కడే బతకగలనని తేల్చాలి. తేలకపోతే మళ్లీ ఫోన్‌లో ఉండే తండ్రి.

ఏం చేసి బతకాలి? ఆయనకు వచ్చింది గల్ఫ్ ఒక్కటే. అప్పు తేనని, భాగస్వామిని కలుపుకోనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. చేతిలో ఉన్నవి ఒక వ్యాను, ఇంటి ముందు గది, రెండు ఇస్త్రీ పెట్టెలు, నోటి నిండా అరబ్బీ. చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా గల్ఫ్‌కు పోయేవాడు ఒకడైనా దొరుకుతాడు. వాళ్లకు నాలుగు ముక్కలు నేర్పితే చాలనుకున్నాడు. మనిషికి అయిదు వందలు ఫీజు పెట్టాడు.

పద్నాలుగు మంది వచ్చారు. అజ్రా చాయ్ పోసింది, బిస్కెట్లు పెట్టింది. 'షుక్రన్' అంటే థాంక్స్ అని నేర్చుకుని, ఒకరికొకరు షుక్రన్ షుక్రన్ అనుకుని, రీల్ తీసుకుని పోయారు. నాలుగో రోజుకు ముగ్గురు మిగిలారు. బిస్కెట్లు మారాక ఇద్దరయ్యారు. ఆ ఇద్దరిలో నాగరాజు అనేవాడు అయిదు వందలను మూడు వందలకు దించి, ఆ మూడు వందల్లో వంద మాత్రమే ఇచ్చి, ఇంకో రెండు వందలు రియాద్ నుంచి పంపిస్తానన్నాడు.

సత్తార్ ఊరుకోలేక అడిగాడు. "ఏజెంటుకు ఎంత ఇచ్చినవ్‌ర?"

"లక్షా అరవై, భాయ్."

"వీసా చూసినవా?"

"ఫోన్ల చూపిచ్చిండు. దూరం నుంచి."

"ఆయన్తోని బేరమాడినవా?"

నాగరాజు మంచి మనిషిని అవమానించినట్టు చూశాడు. "గంత పెద్దమనిషితోని బేరమేంది, భాయ్?"

ఆ రోజు సత్తార్ అన్నం తినలేదు. అజ్రా గిన్నెలు సర్దుతూ ఈ మాటంతా విన్నది. అజ్రా సాధారణంగా తక్కువ మాట్లాడుతుంది. పదిహేడేళ్లు ఫోన్‌లో వినడమే పని కాబట్టి వినడం బాగా అలవాటు.

"అజీ, మీరు అయిదు నూర్లు అన్నరు. అయిదు నూర్ల మందమే విన్నరు వాళ్లు. ఇరవై అయిదు వేలు అనండి."

సత్తార్‌కు చాయ్ ముక్కులోకి పోయింది. "పిచ్చి లేసిందా అజ్రా? మూడు నూర్లే ఇస్తలేరు."

"మూడు నూర్లు కాబట్టే ఇస్తలేరు."

"ఇరవై అయిదు వేలకు ఏం నేర్పాలె నేను? గల్ఫ్‌ను ఈడికి తేవాల్నా?"

"తేండి మరి," అంది అజ్రా, గిన్నె బోర్లించి.

అలా తెచ్చారు గల్ఫ్‌ను. బ్యాచ్‌కు ఆరుగురే. పొద్దున్న ఆరింటికి లోపలికి వస్తే సాయంత్రం ఆరింటికి బయటికి. పాఠం చెప్పడం లేదు, రాసుకోవడం లేదు. ఇల్లే కఫీల్ ఇల్లు. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆయన చేతిలోనే మనిషి పాస్‌పోర్టు. సత్తార్ కఫీల్ వేషం కట్టాలనుకున్నాడు కానీ మొదటి రోజు రిహార్సల్‌లోనే ఆయన మెతకదనం బయటపడింది. ఇస్త్రీలో చొక్కా కాల్చినవాణ్ణి తిట్టినట్టు చెయ్యమంటే, "చెయ్యి కాలలేదు గద బిడ్డా?" అని అడిగాడు.

అప్పుడు అజ్రా నల్ల బుర్ఖా వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు సవరించుకుంది. "యా సత్తార్! తాల్ హిన్! సుర్‌ఆ!"

ఇలా రా, తొందరగా అని దానర్థం. సత్తార్ చేతిలో నీళ్ల గ్లాసుతో నిటారుగా నిలబడిపోయాడు. గోడ మీద కరీంనగర్ బట్టల దుకాణం క్యాలెండర్ కనిపించాక గానీ తాను రియాద్‌లో లేనని ఆయనకు నమ్మకం కుదరలేదు.

"గిది నీకెట్ల తెలుసే?"

"పదిహేడేండ్లు దినాం ఫోన్ జేసి మేడం గిట్లన్నది, మేడం గట్లన్నది అని నాకు చెప్పింది ఎవరు? నేను ఒక్కటి గూడ మర్సిపోలే."

రియాద్ ముఖం కూడా చూడని అజ్రాకు రియాద్ మేడం తిట్లన్నీ వరుసగా నోటికొచ్చు. ఏ తిట్టు పొద్దున తిట్టాలో, ఏది చుట్టాల ముందు తిట్టాలో కూడా తెలుసు. ఇన్నాళ్లూ పైసా ఖరీదు చెయ్యదనుకున్న ఏడుపంతా ఇప్పుడు వాళ్ల వ్యాపారానికి పెట్టుబడి అయ్యింది. ఇంకో విషయం. అజ్రా మొగుణ్ణి 'మీరు' అనే మనిషి. మేడం కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం 'నువ్వు'. ఆ కుర్చీ ఆమెకు నచ్చిందని సత్తార్‌కు రెండో రోజే అర్థమైంది.

బేరం నియమం కూడా ఆమెదే. "కఫీల్తోని బేరమాడుతరా? గేటు కాన్నుంచే నేర్సుకోవాలె."

మొదట వచ్చిన గిరాకీ లింగవ్వ. ఊరికి ఆరు మైళ్ల దూరంలో పసుపు చేను. వెంట ఇరవై మూడేళ్ల కొడుకు ముత్యం. ముత్యం జుట్టుకు రంగు, చెవికి పోగు, దుబాయ్ పోయిన దోస్తు ఫోటో ఫోన్ తెర మీద. లింగవ్వ మొగుడు ఇరవై ఏళ్లలో ఏడుసార్లు గల్ఫ్ పోయి ఏడుసార్లు వచ్చాడు. ఆఖరుకు వచ్చేటప్పుడు చక్కెర రోగం, ఒక దుప్పటి తెచ్చాడు. కొడుకు పోవద్దని లింగవ్వ నాలుగేళ్ల నుంచి మొత్తుకుంటోంది. వాడు వినడం లేదు. ఎలాగూ పోయేవాడు కాస్త నేర్చుకుని అయినా పోతాడని వచ్చింది.

"ఇరవై అయిదు ఏందయ్యా! పది తీస్కో."

"ఇరవై ఆరు," అంది లోపలి నుంచి అజ్రా.

"అగో, గదెవరు? సరే పన్నెండు ఇస్త."

"ఇరవై ఏడు."

"ఓ సత్తార్ భాయ్, గీ ఆడామె కూరగాయలు గిట్లనే కొంటదా—"

ముత్యం తల్లి నోటికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "అవ్వా, ఆపే! ముప్పై అయితది."

ఇరవై ఏడు కట్టింది లింగవ్వ. జీవితంలో మొదటిసారి బేరంలో ఓడిపోయి, గేటు దాటేటప్పుడు ఆ బోర్డు మీద చేత్తో ఒక్కటి చరిచి పోయింది.

అయితే సత్తార్ ఒక పని అజ్రాకు చెప్పకుండా చేశాడు. ఇంత డబ్బు తీసుకుంటున్నామన్న భయంతో కరపత్రం అడుగున ఒక వాక్యం అచ్చు వేయించాడు. 'గల్ఫ్‌లో ఆరు నెలలు నిలబడలేని వారికి పూర్తి డబ్బు వాపసు.' అచ్చయ్యాక అజ్రా చదివింది. ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యలేదు.

శిక్షణ మొదలైంది. మూతపడిన రైస్ మిల్లు కళ్లంలో సున్నంతో రోడ్లు గీశారు. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఇక్కడా కుడివైపే. వ్యాన్‌లో శిష్యుడు ఎడమ సీట్లో ఒక స్టీలు పళ్లెం పట్టుకుని కూర్చుంటాడు. అదే స్టీరింగు. కుడి సీట్లో నిజం స్టీరింగు సత్తార్ చేతిలో. పళ్లెం ఎటు తిరిగితే సత్తార్ అటు తిప్పుతాడు. ఒకసారి ఒకడు పళ్లెం గోడకేసి తిప్పాడు. సత్తార్ మాట తప్పని మనిషి, గోడకేసే తిప్పాడు. వ్యాను దీపం ఒకటి పోయింది గానీ తర్వాత ఎవడూ పళ్లెం ఊరికే తిప్పలేదు.

ఇంటి దగ్గర మాత్రం మేడం రాజ్యం. పాలు తెమ్మంటుంది, తెస్తే మజ్జిగ తెమ్మన్నానంటుంది. మజ్జిగ తెస్తే పాలు ఏవంటుంది. ఇస్త్రీ చేసిన చొక్కాను నలిపి పారేసి, "మళ్ల చెయ్యి" అంటుంది. ఎందుకని అడిగితే ఇంకోటి నలుపుతుంది. యుమ్నా బడి నుంచి వచ్చి చెప్పులు అటొకటి ఇటొకటి విసిరి, "యా ముత్యం!" అంటుంది. దానికి ఈ ఆట బాగా నచ్చింది.

"మేడం, నేను మా ఇంట్ల పెద్ద కొడుకును," అన్నాడు ముత్యం అయిదో రోజు.

"ఈడ నువ్వు చిన్న చీపురువు. ఊడువ్."

పద్దెనిమిదో రోజు, ఒకే చొక్కా ఏడోసారి ఇస్త్రీ చేస్తున్న ముత్యం పెట్టెను స్టాండు మీద జాగ్రత్తగా నిలబెట్టాడు. స్విచ్ ఆపాడు. అది కూడా ఇక్కడే నేర్చుకున్నాడు.

"నేను పోను."

"ఇంటికా?" అన్నాడు సత్తార్.

"గల్ఫ్‌కు. మా ఇంటికి ఇప్పుడే పోతున్న."

చెప్పులు వేసుకుని పోయాడు. మర్నాడు ఇంకో ఇద్దరు రాలేదు.

సత్తార్ కరపత్రం తీసి మళ్లీ మళ్లీ చదివాడు. గల్ఫ్‌లో అడుగే పెట్టనివాడు ఆరు నెలలు నిలబడ్డట్టా, పడ్డట్టా? ఎలా చదివినా పడ్డట్టే. ఫీజు డబ్బులేమో శిక్షణ కోసం పెరట్లో వేసిన రేకుల షెడ్డుకూ వ్యాను దీపానికీ పోయాయి. ఒకరికి వాపసు ఇస్తే ఆరుగురూ అడుగుతారు. ఇవ్వకపోతే సంత రోజుకల్లా ఊరంతా తెలుస్తుంది. రంజాన్ ఇంకా రెండు నెలలుంది. బీరువాలో బట్టల కింది నుంచి పాస్‌పోర్టు తీసి, తువ్వాలతో తుడిచి, టీవీ మీద పెట్టాడు. అజ్రా చూసింది. మేడం కుర్చీని గోడ వైపు తిప్పి పెట్టింది.

మూడో రోజు పొద్దున్నే గేటు ముందు ఆటో ఆగింది. ముందు లింగవ్వ, వెనక ముగ్గురు ఆడవాళ్లు. అందరి మొహాలూ గట్టిగా ఉన్నాయి. సత్తార్ కిటికీలోంచి చూసి, స్నానానికి పోతున్నానని ఎవరూ అడగకుండానే ప్రకటించాడు. అజ్రా చెయ్యి పట్టుకుని ఆపింది.

లింగవ్వ సత్తార్‌ను దాటుకుని నేరుగా లోపలికి వచ్చి అజ్రా ముందు నిలబడింది.

"మేడం అంటె నువ్వేనా?"

"నేనే."

"నా కొడుకును పద్దెనిమిది దినాలు ఏడిపిచ్చింది నువ్వేనా?"

"నేనే, అవ్వా." ఈసారి అజ్రా గొంతు కొంచెం తగ్గింది.

లింగవ్వ చంకలోని సంచి కింద పెట్టింది. సంచి కదిలింది. అందులోంచి ఒక కోడిపుంజు తల బయటికి పెట్టి అందరినీ చూసింది.

"నిన్న వాడు అన్నం తిన్న తలె వాడే కడిగిండు. నేను పుట్టి యాభై రెండేండ్లయింది, మా ఇంట్ల మొగోడు తలె కడుగుడు నేను చూడలే. పొద్దుగాల నాతోని చేన్లకు వచ్చిండు. 'అవ్వా, తిట్టుడైతే నువ్వు గూడ తిడుతవ్, నువ్వే నయం' అన్నడు. నాలుగేండ్లు మొత్తుకున్న బిడ్డా, ఏజెంటు కాళ్లు మొక్కిన, వాని దగ్గర పైసలు తీస్కోవద్దని. ఎవ్వలతోని గాలే. నువ్వు పద్దెనిమిది దినాల్ల జేసినవ్." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇగ పుంజు నీకు."

సత్తార్ మెల్లగా అడిగాడు. "అంటే అవ్వా, పైసలు వాపస్..."

"వాపస్ ఎందుకు? ఏజెంటుకు పోయే లక్షా డెబ్బై మిగిలె. ఇరవై ఏడు అగ్గువకే అయిపాయె." వెనక్కి తిరిగింది. "గీ ముగ్గురికి గూడ కొడుకులున్నరు. వాళ్లను గూడ జర ఏడిపియ్యి."

సత్తార్ ఇరవై అయిదు అనబోయాడు. అప్పటికే అజ్రా గోడ వైపు తిప్పిన కుర్చీని ఇటు తిప్పింది. కూర్చుంది.

"పోయేటోళ్లకు ఇరవై అయిదు. ఆపేటోళ్లకు ముప్పై అయిదు."

"రెండింటికీ నేర్పేది ఒక్కటే గద!" అని సత్తార్ గొణిగాడు. అజ్రా చూపుతో ఆగిపోయాడు.

వచ్చిన ముగ్గురిలో ఒకామె, "ముప్పై అయిదు శానా..." అని మొదలుపెట్టింది. లింగవ్వ ఆమె మోచేతిని పట్టుకుని గిల్లింది. "నోరు ముయ్యే! పెరుగుతది!"

అలా హుజూరాబాద్‌లో బేరం లేకుండా మొదటిసారి మూడు సరుకులు అమ్ముడుపోయాయి. కరపత్రం అడుగు వాక్యాన్ని అజ్రా అదే రోజు కత్తెరతో, ఒక్కొక్క కాగితం మీద, తీరిగ్గా కత్తిరించింది.

ఆ తర్వాత సంగతి ఆడవాళ్ల నోట్లోంచి ఆడవాళ్ల చెవుల్లోకి పోయింది. మగవాళ్లకు చాలా రోజులు తెలియలేదు. పోయే బ్యాచ్, ఆపే బ్యాచ్ ఒకే షెడ్డులో, ఒకే పళ్లెం, ఒకే తిట్లు. ఎవరు ఏ బ్యాచో అజ్రా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. చెన్నూరు నుంచి ఒక పెండ్లాం ఫోన్ చేసి, మొగుడికి పోయే బ్యాచ్ అని చెప్పి, ఆపే బ్యాచ్ ఫీజు పంపింది. భైంసా నుంచి ఒక తల్లి ఇద్దరు కొడుకులకు కట్టింది, ఒకణ్ణి పంపమని, ఒకణ్ణి ఆపమని. సరిగ్గా తిరగబడింది. ఆపమన్నవాడు తిట్లకు రాటుదేలి ఖతర్ పోయాడు, పంపమన్నవాడు ఇంట్లో కుట్టు మిషను కొన్నాడు. ఇద్దరూ సుఖంగానే ఉన్నారు కాబట్టి ఆమె ఏమీ అడగలేదు. అడిగితే ఎక్కడ వెయ్యి పెరుగుతుందోనని కూడా కావచ్చు.

మూడు వందలకు బేరమాడిన నాగరాజు ఇల్లమ్మి కాదు గానీ బండి అమ్మి ఇరవై అయిదు కట్టి, ఇరవై ఒక్క రోజులూ నిలబడి రియాద్ పోయాడు. అక్కడి నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అజ్రా మేడం, ఇక్కడి మేడం మీకంటె శానా మంచిది. నాకు పరేషానే లేదు." అజ్రా దాన్ని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ వినిపించింది. సత్తార్‌కు బాకీ ఉన్న రెండు వందల గురించి అందులో ఏమీ లేదు.

అంతా బాగానే ఉంది. అయినా టీవీ మీది పాస్‌పోర్టు అక్కడే ఉంది. మూడు బ్యాచ్‌లు నిండాయి, నాలుగోది నిండుతుందని ఎవరు చెప్పగలరు? పదిహేడేళ్లు నెల తిరిగేసరికి జీతం చూసినవాడికి ఈ లెక్క గుబులుగానే ఉంటుంది. రంజాన్‌కు అయిదు రోజుల ముందు షాహిద్ ఫోన్ వచ్చింది. సత్తార్ స్పీకర్ పెట్టాడు.

"దూల్హే భాయ్, ఆఖరు మాట. రెండు నూర్ల రియాల్ ఎక్కువ ఇస్తనంటుండు కఫీల్. పాస్‌పోర్టు పంపుతున్నవా లేదా?"

సత్తార్ టీవీ మీదికి చూశాడు. వంటగదిలో గరిటె చప్పుడు ఆగింది.

"ఒక్క దినం టైం ఇయ్యి, భాయ్."

"సరే, రేపటి దాకా." షాహిద్ పెట్టెయ్యలేదు. అటువైపు కారు తలుపు మూసుకున్న చప్పుడు. గొంతు తగ్గింది. "ఇంకోటి అడగాలె. మా పోరడు జియావుల్లా ఉన్నడు గద. కాలేజీ ఇడిసిపెట్టిండు. నేను గూడ రియాద్ వస్త అని దినాం నా పానం తింటుండు. మీ దాంట్ల చేర్పియ్యాలె."

"చేర్పిద్దాం భాయ్, ఫికర్ చెయ్యకు. పోయే బ్యాచ్‌లో ఒక జాగ—"

"పోయేది కాదు."

"ఏంది?"

"రెండోది. ఆపేది."

సత్తార్ ఫోన్ వంక చూశాడు. "ఇంకోపాలి చెప్పు, భాయ్."

"ఆపేది అంటున్న గద! చెవుడొచ్చిందా?"

"నన్నేమో రమ్మంటున్నవ్?"

"నువ్వంటె అలవాటు పడ్డోనివి," అన్నాడు షాహిద్. "వాడు నా కొడుకు దూల్హే భాయ్."

సత్తార్ లేచాడు. టీవీ మీది పాస్‌పోర్టు తీసుకుని, బీరువా తెరిచి, బట్టల కింద, మునుపటి కంటే రెండు దుప్పట్లు ఎక్కువ లోతుకి తోశాడు.

"షాహిద్ భాయ్, గా వీసా ఇంకోనికి ఇచ్చెయ్."

అటువైపు నుంచి నిట్టూర్పు వచ్చింది. కోపమో సంతోషమో తెలియలేదు. "సరే తియ్యి. నాకు ముందే తెలుసు. మరి ఇంటోళ్లం గద, ఫీజు జర సూసి..."

"ముప్పై ఆరు!" వంటగదిలోంచి అజ్రా.

"అరె చెల్లె, నేను నీ సొంత అన్నను—"

"ముప్పై ఏడు!"

ఇరవై ఆరేళ్లు రియాద్ బజార్లలో ఒక్క దుకాణం వాణ్ణీ గెలవనివ్వని షాహిద్ టక్కున ఫోన్ పెట్టేశాడు. గోడ అవతలి నుంచి యుమ్నా కేకేసింది. ఫోన్‌లో కాదు, నోటితోనే.

"యా అబ్బా! తాల్ హిన్! సుర్‌ఆ!"

"వస్తున్న మేడం," అన్నాడు సత్తార్, చెప్పులు వెతుక్కుంటూ.